పెల్విక్ ఫ్లోర్ కండరాల శిక్షణ

కటి ఎముకల అడుగున పరుచుకుని ఉండే కండరాలను ఒక పద్ధతిలో బిగించి, వదులుతూ బలపరిచే చికిత్సను పెల్విక్ ఫ్లోర్ కండరాల శిక్షణ అంటారు. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా, బరువెత్తినా మూత్రం జారిపోయే స్త్రీలకు మందుల కంటే, ఆపరేషన్ కంటే ముందు చెప్పవలసిన చికిత్స ఇది. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడి పేరు మీద జనంలో కీగెల్ వ్యాయామాలుగా స్థిరపడింది.

ఇందులో మందు లేదు, కోత లేదు, పరికరం కూడా తప్పనిసరి కాదు. అందుకే కాబోలు, పత్రికలు దీన్ని ఆరోగ్య చిట్కాల మధ్య ఇరికిస్తుంటాయి. నిజానికి ఇది మోతాదు, గడువు, పర్యవేక్షణ ఉన్న చికిత్స. ఆ మూడూ కుదిరిన చోట ఫలితాలు గట్టిగా కనిపించాయి. నోటిమాటగా చెప్పి పంపేసిన చోట నీరుగారిపోయాయి. గత డెబ్బై అయిదేళ్లకు పైగా సాగిన పరిశోధనల్లో పదేపదే తేలింది ఈ తేడాయే.

నిర్మాణం, పని

ముందువైపు జఘనాస్థి నుంచి వెనుక తోక ఎముక దాకా ఈ కండరాలు వ్యాపించి ఉంటాయి. వీటిలో ముఖ్యమైనది లెవేటర్ ఏని. దీనికి ప్యూబోకాక్సీజియస్, ప్యూబోరెక్టాలిస్, ఇలియోకాక్సీజియస్ అని మూడు భాగాలు. స్త్రీలలో మూత్రమార్గం, యోని, మలద్వారం ఈ పొర మధ్యలోంచే బయటికి వస్తాయి. పైనున్న మూత్రాశయం, గర్భాశయం, పేగుల బరువును మోసేదీ, కింది ద్వారాలను మూసి ఉంచేదీ ఇదే. వెన్నెముక చివర ఉండే త్రికం దగ్గర రెండు నుంచి నాలుగో నాడీ మూలాల వరకు వీటికి ఆదేశాలు పంపుతాయి. ప్రసవంలో ప్యూడెండల్ నాడి సాగి దెబ్బతింటే కండరం బాగానే ఉన్నా పని మందగిస్తుంది.

ఈ కండరాల్లో ఎక్కువ భాగం నెమ్మదిగా పనిచేస్తూ తొందరగా అలసిపోని తంతువులు. మనం కూర్చున్నా, నిలబడినా రోజంతా కొద్దిపాటి బిగువు నిలిపేవి అవే. మిగిలినవి చురుకైనవి. దగ్గు వచ్చిన క్షణంలో చటుక్కున బిగుసుకుని, అంతే తొందరగా అలసిపోతాయి. శిక్షణలో కొంతసేపు బిగబట్టే వ్యాయామం ఒకటి, వెంటవెంటనే బిగించి వదిలే వ్యాయామం ఇంకొకటి ఉండటానికి కారణం ఇదే.

దగ్గినప్పుడు మూత్రం ఎందుకు పడదు అనే ప్రశ్నకు మిచిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జాన్ డిలాన్సీ 1994లో ఇచ్చిన వివరణ ఇప్పటికీ ఎక్కువ మంది ఒప్పుకునేది. మూత్రమార్గం ఉయ్యాల గుడ్డ లాంటి ఒక పొర మీద ఆనుకుని ఉంటుంది. దగ్గు వల్ల పైనుంచి ఒత్తిడి పడినప్పుడు ఆ గుడ్డకు అదుముకుని మూసుకుపోతుంది. గుడ్డ వదులైతే అదుముకోవడానికి ఆధారం ఉండదు, మూత్రం జారిపోతుంది. గుడ్డను పట్టి ఉంచే కండరాన్ని బలపరిస్తే ఆధారం తిరిగి దొరుకుతుందన్నది శిక్షణ వెనుక ఉన్న తర్కం.

ఆధారం సడలడానికి మొదటి కారణం యోని ద్వారా జరిగే ప్రసవం. బిడ్డ తల బయటికి వచ్చే వేళ లెవేటర్ ఏనిలోని లోపలి భాగం మామూలు పొడవుకు మూడు రెట్లకు పైగా సాగుతుందని కంప్యూటర్ నమూనాలతో కట్టిన లెక్కలు చెబుతున్నాయి. శరీరంలోని మరే కండరమూ ఇంత సాగుడును తట్టుకోదు. కొందరిలో అది జఘనాస్థి నుంచి ఊడిపోతుంది కూడా. ఫోర్‌సెప్స్ వేసిన కాన్పుల్లో ఈ ప్రమాదం ఎక్కువ. స్థూలకాయం, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, ముట్లుడిగే వయసు మిగిలిన కారణాలు. అయితే ఇది పిల్లల తల్లులకూ ముసలివారికీ మాత్రమే వచ్చే జబ్బు అనుకోవడం పొరపాటు. స్వీడన్‌లో పోటీలకు దిగే ట్రాంపోలిన్ క్రీడాకారిణులను ప్రశ్నిస్తే, కాన్పు ఎరగని ఆ ఆడపిల్లల్లో ప్రతి అయిదుగురిలో నలుగురు ఎగిరేటప్పుడు మూత్రం పడుతోందని చెప్పారు.

చరిత్ర

కటి అడుగు కండరాలను బిగించడం మూత్రం, మలం అదుపుకు పనికొస్తుందని 1936లోనే రాసినది బ్రిటన్‌కు చెందిన మార్గరెట్ మోరిస్. ఆమె నర్తకి, తర్వాత ఫిజియోథెరపీ నేర్చుకుంది. ఆమె మాట వైద్యుల చెవిన పెద్దగా పడలేదు.

పన్నెండేళ్ల తర్వాత లాస్ ఏంజెలెస్‌లో స్త్రీల వైద్యుడు ఆర్నాల్డ్ కీగెల్ అదే సంగతిని 1948లో వైద్య పత్రికలో ప్రకటించాడు. అతను చేసిన అసలైన మేలు వ్యాయామం చెప్పడం కాదు, కొలవడం. పెరినియోమీటర్ అనే చిన్న పరికరం తయారుచేశాడు. యోనిలో అమర్చే రబ్బరు గది, దానికో గొట్టం, గొట్టం చివర రక్తపోటు యంత్రంలో ఉండేలాంటి ముల్లు. రోగి బిగించినప్పుడల్లా ముల్లు కదిలేది. నిన్నటికంటే నేడు ఎంత పైకి వెళ్లిందో ఆమె తన కళ్లతో చూసుకునేది. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు, మొత్తం 300 బిగింపుల దాకా చేయించేవాడు. నూటికి 84 మందికి నయమైందని చెప్పుకున్నాడు. పోల్చి చూడటానికి చికిత్స లేని జట్టు అతనికి లేదు కాబట్టి ఆ అంకెను ఈనాటి కొలతలతో తూచలేం.

తర్వాత జరిగింది విచిత్రం. కీగెల్ పేరు మిగిలింది, పరికరమూ పర్యవేక్షణా పోయాయి. ఆపరేషన్లు పెరిగిన దశాబ్దాల్లో ఈ వ్యాయామం కాన్పు వార్డులో చేతికిచ్చే కరపత్రానికి దిగజారింది. ఇలా పైపైన చెప్పి పంపితే ఎంతవరకు పనిచేస్తుందో 1991లో అమెరికా వైద్యుడు రిచర్డ్ బంప్ బృందం పరీక్షించింది. 47 మంది స్త్రీలకు నోటితో క్లుప్తంగా చెప్పి, బిగించమని, లోపలి ఒత్తిడిని కొలిచారు. సరిగా చేసినవారు దాదాపు సగమే. నాలుగో వంతు మంది చేసిన తీరు మూత్రం పడటాన్ని ఇంకా పెంచేలా ఉంది. వాళ్లు పైకి లాగడానికి బదులు కిందికి ముక్కారు.

మన హఠయోగంలోని మూలబంధం, అశ్వినీ ముద్ర ఈ బిగింపుకు దగ్గరగా ఉంటాయి. పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో మూలబంధం వర్ణన ఉంది. కానీ అక్కడి లక్ష్యం ప్రాణాపానాలను కలపడం, మూత్రం అదుపు కాదు. పోలిక నిజమే. దాన్ని పట్టుకుని ఇదంతా మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టేశారని తేల్చడం మాత్రం అతి. ఆపుకోలేనితనానికి ఎన్నిసార్లు, ఎన్ని వారాలు, ఎవరికి అన్న ప్రశ్నలు ఆ గ్రంథాలు వేసుకోలేదు.

చేసే పద్ధతి

మొదటి పని కండరాన్ని గుర్తించడం. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోబెట్టి ఫిజియోథెరపిస్టు సాధారణంగా చెప్పే మాట ఇలా ఉంటుంది: "అమ్మా, నలుగురిలో ఉన్నారు, గ్యాస్ బయటికి పోకూడదు, వెనక బిగబట్టండి. ఆ బిగువును అలాగే ముందుకు, మూత్రం వచ్చే చోటికి తెచ్చి లోపలికి, పైకి లాగండి. ఊపిరి మాత్రం ఆపకండి." చాలామంది మొదటిసారి పిరుదులు బిగిస్తారు, తొడలు దగ్గరకు నొక్కుతారు, పొట్ట లోపలికి పీలుస్తారు. ఊపిరి బిగబట్టి ముఖం ఎర్రబడేలా ముక్కేవారూ ఉంటారు. పక్కనుంచి చూస్తే సరైన బిగింపులో ఏ కదలికా కనపడదు. కష్టమంతా అక్కడే ఉంది. చేయి ఎత్తితే తప్పొప్పులు ఎదుటివారికి తెలుస్తాయి, ఇక్కడ తెలియవు.

అందువల్ల రోగి ఒప్పుకుంటే గ్లవ్ వేసుకున్న వేలితో యోని లోపల తాకి చూస్తారు. వేలి చుట్టూ ఏమీ కదలకపోతే సున్నా. సన్నని అదురు తెలిస్తే ఒకటి. వేలిని గట్టిగా పట్టి, ఎదురు ఒత్తిడిని తట్టుకుని పైకి లాగితే అయిదు. ఇదే ఆక్స్‌ఫర్డ్ కొలమానం. దీన్ని పెల్విక్ ఫ్లోర్‌కు మలచిన బ్రిటన్ ఫిజియోథెరపిస్టు జో లేకాక్, బలంతో పాటు ఎంతసేపు నిలపగలరు, ఎన్నిసార్లు తిరిగి చేయగలరు, చురుకుగా ఎన్ని వేయగలరు అన్నవి కూడా రాసుకునే పద్ధతి పెట్టింది. మూడు క్షణాలు మాత్రమే నిలపగలిగిన మనిషికి పది క్షణాల వ్యాయామం రాసిస్తే ఆమె మిగతా ఏడు క్షణాలూ పిరుదులతో చేస్తుంది. ముందు కొలిచేది అందుకే.

మోతాదు విషయంలో బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ చెప్పేది కనీసం ఎనిమిది బిగింపుల చొప్పున రోజుకు మూడుసార్లు, పర్యవేక్షణలో కనీసం మూడు నెలలు. ఆచరణలో మొదట పడుకుని, పట్టు చిక్కాక కూర్చుని, ఆపైన నిలబడి చేయిస్తారు. ప్రతి బిగింపు తర్వాత అంతేసేపు పూర్తిగా వదలాలి. వదలడం కూడా వ్యాయామంలో భాగమే. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం కండరాన్ని గుర్తించడానికి ఒకసారి చూసుకుంటే చూసుకోవచ్చు గాని, దాన్నే రోజువారీ వ్యాయామంగా పెట్టుకుంటే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు. సామాజిక మాధ్యమాల్లో ఈ తప్పు సలహా ఇంకా చక్కర్లు కొడుతూనే ఉంది.

బలం పెరిగేదాకా ఆగనక్కరలేని ఒడుపు ఒకటుంది. తుమ్ము వస్తుందనగా, బిందె ఎత్తబోయే ముందు, కుర్చీలోంచి లేవబోయే ముందు ఒక్కసారి బిగించి, పని అయ్యేదాకా వదలకుండా ఉండటం. దీన్ని నాక్ అంటారు. డిలాన్సీ సహచరులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో, వయసు మీరిన స్త్రీలకు దీన్ని నేర్పిన వారం రోజులకే మధ్యరకం దగ్గుతో పడే మూత్రం దాదాపు పూర్తిగా ఆగింది, గట్టి దగ్గుతో పడేది సుమారు నాలుగింట మూడొంతులు తగ్గింది. వారంలో కండరం బలపడదు. సమయానికి బిగించడం అలవాటైంది, అంతే.

రుజువులు

ఈ చికిత్సకు గట్టి పునాది వేసినవారిలో నార్వేకు చెందిన ఫిజియోథెరపిస్టు కారీ బో ముఖ్యురాలు. ఆమె బృందం 1999లో 107 మంది స్త్రీలను నాలుగు జట్లుగా చేసి పోల్చింది. వ్యాయామం చేసిన జట్టు విద్యుత్ ప్రేరణ, యోనిలో పెట్టుకునే బరువు కోన్‌లు, ఏ చికిత్సా లేని జట్టు మూడింటినీ మించింది. 2018లో కోక్రేన్ సంస్థ 14 దేశాల్లో జరిగిన 31 ప్రయోగాలను, 1,817 మంది స్త్రీల వివరాలను కలిపి చూసింది. దగ్గు, తుమ్ము వంటి ఒత్తిడి వల్ల మూత్రం పడే స్త్రీలలో శిక్షణ పొందినవారిలో నూటికి 56 మంది నయమైందన్నారు. శిక్షణ లేనివారిలో ఆ మాట అన్నది ఆరుగురే. ఇంత తక్కువ ఖర్చుతో, దాదాపు ఏ దుష్ఫలితమూ లేకుండా ఇంత తేడా చూపే చికిత్సలు వైద్యంలో ఎక్కువ లేవు.

పరికరాల సంగతి వేరు. బిగింపును తెర మీద గీతగా చూపే బయోఫీడ్‌బ్యాక్ యంత్రాలు కొన్నాళ్లు బాగా అమ్ముడయ్యాయి. బ్రిటన్‌లో 600 మంది స్త్రీలతో జరిగిన ఓపల్ ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. పర్యవేక్షణతో కూడిన శిక్షణకు ఈ యంత్రాన్ని జోడించినా రెండేళ్ల తర్వాత అదనపు లాభమేమీ లేదు. కీగెల్ నాటి ముల్లు ఆనాడు రోగికి గురువు లేని లోటు తీర్చింది. మంచి ఫిజియోథెరపిస్టు ఉన్నచోట దాని పని ఆమే చేస్తుంది. ఒక్కొక్కరికీ విడిగా నేర్పే వెసులుబాటు లేకపోతే ఏమిటి దారి అన్నదానికి కెనడా జవాబిచ్చింది. అరవై దాటిన 362 మంది స్త్రీలతో అక్కడ చేసిన ప్రయోగంలో, కండరాన్ని సరిగా బిగించడం మొదట విడిగా నేర్పి ఆపైన గుంపుగా చేయించిన శిక్షణ, ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చే శిక్షణకు ఏమాత్రం తీసిపోలేదు. మన దేశానికి పనికొచ్చే ఫలితం ఇదే అనిపిస్తుంది.

గర్భం మొదటి నెలల్లో, ఇంకా మూత్రం పడే ఇబ్బంది లేనప్పుడే మొదలుపెట్టినవారికి నెలలు నిండే సమయానికి ఆ ఇబ్బంది వచ్చే అవకాశం 62 శాతం తగ్గిందని 2020 నాటి మరో కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఇబ్బంది మొదలయ్యాక గర్భిణులకు చేయించినప్పుడు ఇంత స్పష్టమైన లాభం కనపడలేదు. కాబట్టి చెప్పాల్సింది మొదటి చెకప్‌కు వచ్చినప్పుడు.

బరువు తగ్గడం కూడా దీనికి తోడు చికిత్సే. అమెరికాలో స్థూలకాయులైన స్త్రీలతో జరిపి 2009లో ప్రచురించిన ప్రయోగంలో, శరీర బరువులో ఎనిమిది శాతం తగ్గినవారికి వారంలో మూత్రం పడే సార్లు దాదాపు సగానికి దిగాయి.

పురుషులు, ఇతర సందర్భాలు

ప్రోస్టేట్ గ్రంథిని తీసేసిన తర్వాత చాలామంది మగవారికి కొన్ని నెలలు మూత్రం అదుపులో ఉండదు. బెల్జియంలోని లూవెన్‌లో 102 మందితో చేసి 2000లో ప్రచురించిన ప్రయోగంలో మూడు నెలలకు శిక్షణ పొందినవారిలో 88 శాతం, మిగిలినవారిలో 56 శాతం మందికి అదుపు తిరిగొచ్చింది. 2011లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద ప్రయోగం మాత్రం సంవత్సరం తిరిగేసరికి రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదంది. రెండింటినీ కలిపి చదివితే, శిక్షణ కోలుకోవడాన్ని తొందరపెడుతుందేమో గాని చివరి ఫలితాన్ని అంతగా మార్చదని అర్థమవుతుంది.

దగ్గుతో సంబంధం లేకుండా, ఉన్నట్టుండి ఆగని అవసరం కలిగి మరుగుదొడ్డి చేరేలోగా మూత్రం పడిపోవడం వేరే రకం. ఇందులో తప్పు మూత్రాశయ కండరానిది. వేగం వచ్చినప్పుడు పరుగెత్తకుండా నిలబడి అయిదారుసార్లు చురుకుగా బిగిస్తే మూత్రాశయం కాస్త శాంతిస్తుంది. దీనితో పాటు మూత్రానికి వెళ్లే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచే అలవాటు, టీ కాఫీలు తగ్గించడం, అవసరమైతే మందులు ఉంటాయి. మలం ఆపుకోలేనివారికి కూడా ఈ వ్యాయామాలు చెబుతారు గాని అక్కడ రుజువులు అంత గట్టివి కావు.

పరిమితులు

మూడు నెలలు సరిగా చేసినా లాభం లేనివారు ఉంటారు. కండరం ఎముక నుంచి ఊడిపోయినవారికీ, నాడి బాగా దెబ్బతిన్నవారికీ వ్యాయామం కొంతవరకే పనిచేస్తుంది. వారికి మూత్రమార్గం కింద పట్టీ వేసే ఆపరేషన్ వంటివి ఉన్నాయి. అయితే యోని ద్వారా అమర్చే మెష్ (కృత్రిమ వల) వల్ల వచ్చిన ఇక్కట్లతో 2018లో ఇంగ్లండ్ మెష్ ఆపరేషన్లను తాత్కాలికంగా నిలిపివేసింది. కటి అవయవాలు జారినప్పుడు వాడే మెష్‌ల అమ్మకాన్ని 2019లో అమెరికా ఆపింది. ఆ తర్వాత వ్యాయామం విలువ మళ్లీ పెరిగింది.

మానేస్తే ఫలితం నిలవదు. కారీ బో బృందమే తమ పాత రోగులను పదిహేనేళ్ల తర్వాత పలకరిస్తే, గట్టి తర్ఫీదు పొందిన జట్టుకూ ఇంటిదగ్గర చేసుకున్న జట్టుకూ మధ్య ఒకప్పటి తేడా మిగల్లేదు. ఇంకొక మాట. కటి నొప్పి, సంభోగంలో నొప్పి ఉన్న కొందరిలో ఈ కండరాలు బలహీనంగా కాదు, ఎప్పుడూ బిగుసుకుని ఉంటాయి. వారికి ముందు వదలడం నేర్పాలి. పరీక్ష లేకుండా కీగెల్ రాసిస్తే బాధ పెరగవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో

గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో పైవరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. చాలామందికి ముప్పైల్లోనే ఆ ఆపరేషన్ అయిపోతోంది. స్వీడన్ జాతీయ రికార్డుల ఆధారంగా 2007లో వెలువడిన అధ్యయనం ప్రకారం, గర్భసంచి తీసిన స్త్రీలకు తర్వాతి కాలంలో మూత్రం ఆపుకోలేక ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం రెట్టింపుకు పైనే. ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టుకుంటే ఇక్కడ ఈ శిక్షణ అవసరం ఎంతో తెలుస్తుంది. స్త్రీల సమస్యలలో ప్రత్యేక తర్ఫీదు పొందిన ఫిజియోథెరపిస్టులు మాత్రం ఎక్కువగా పెద్ద నగరాల్లోనే దొరుకుతారు.

ఇళ్లలో బాలింతకు నడుము చుట్టూ గుడ్డ బిగించి కడతారు. నడుముకు అది హాయినివ్వవచ్చు. కటి అడుగు కండరాన్ని మాత్రం ఏ గుడ్డా బలపరచలేదు. పిల్లలు పుట్టాక ఇవన్నీ మామూలేనని పెద్దవాళ్లు అనేస్తే, కోడలు నీళ్లు తాగడం తగ్గించుకుంటుంది, పెళ్లిళ్లకు వెళ్లడం మానుకుంటుంది. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రెచ్చగొడుతుంది. ఇబ్బంది తగ్గదు.

మూత్రం అప్పుడప్పుడూ కాక రాత్రీ పగలూ ఆగకుండా కారుతున్నా, మూత్రంలో రక్తం కనపడినా, మంటా జ్వరం ఉన్నా, మూత్రం బిగుసుకుపోయినా, తొడల మధ్య తిమ్మిరి ఎక్కినా వ్యాయామాలతో కాలం గడపకుండా వెంటనే వైద్యులకు చూపించాలి. కష్టమైన కాన్పు తర్వాత గానీ, గర్భసంచి ఆపరేషన్ తర్వాత గానీ ఆగకుండా కారే మూత్రం ఫిస్టులా కావచ్చు. అది చాలావరకు ఆపరేషన్‌తోనే నయమవుతుంది. ఇవేవీ లేకుండా దగ్గుకూ తుమ్ముకూ మాత్రమే పడుతుంటే, ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక్కసారైనా కండరం సరిగా బిగుస్తోందో లేదో చూపించుకుని, ఆపైన మూడు నెలలు విడవకుండా చేయండి.